బంగారు గొలుసు తగిలే చోట మెడ నల్లబడుతోంది: లోపం బంగారంలో ఉందా, చర్మంలో ఉందా?

ప్రశ్న (ఏలూరు నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. గత మాఘమాసంలో మా అమ్మాయికి వివాహం చేశాము. మేము పెట్టిన నగలలో మూడు కాసుల గొలుసు, ఒక వంకీ ఉంగరం కొత్తగా చేయించినవి. రెండింటి మీదా 916 ముద్ర ఉంది, దుకాణం వారు బిల్లు కూడా ఇచ్చారు. ఎండలు ముదిరిన దగ్గర నుంచి గొలుసు తగిలే చోట మెడ చుట్టూ నల్లటి గీత పడుతోంది. ఉంగరం కింద వేలు కూడా మసి అంటినట్లు నల్లగా అవుతోంది. అమ్మాయి అత్తవారింట్లో అందరూ మంచివారే. అయితే చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ "మంచి బంగారమైతే ఒళ్లు నల్లబడదు, ఇందులో రాగి ఎక్కువ కలిపారు" అన్నారట. మరొకరు "పిల్లది వేడి ఒళ్లు, దానికి బంగారం పడదు" అన్నారట. మొదటి మాట మా నిజాయితీని తాకింది, రెండవది అమ్మాయి మనసును నొప్పించింది. ఇప్పుడు తను నగలన్నీ తీసి బీరువాలో పెట్టేసింది.

మేము నిజంగా మోసపోయామా? లేక అమ్మాయికి ఏదైనా అనారోగ్యం ఉందా? ఈ విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (హనుమకొండ నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, ఆ రెండు మాటలనూ ఇప్పుడే నమ్మవలసిన అవసరం లేదు. నగ కింద చర్మం నల్లబడటానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో తరచుగా కనిపించే కారణం గురించి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

శుద్ధమైన బంగారం గాలితో గాని, నీటితో గాని, చెమటతో గాని చర్య జరపదు. అందుకే శతాబ్దాల పాటు భూమిలో ఉన్న బంగారు నాణేలు కూడా తుప్పు లేకుండా అదే రంగుతో బయటపడతాయి. అయితే శుద్ధమైన బంగారం చాలా మెత్తనిది కనుక దానితో నిత్యం వాడే నగ చేస్తే త్వరగా వంగిపోతుంది, అరిగిపోతుంది. గట్టిదనం కోసం అందులో రాగిని, వెండిని కలుపుతారు. 916 అంటే వెయ్యి భాగాలలో 916 భాగాలు బంగారమనీ, మిగిలిన 84 భాగాలు ఇతర లోహాలనీ అర్థం. కాసుకు 8 గ్రాముల చొప్పున మీ గొలుసు 24 గ్రాములైతే, అందులో సుమారు రెండు గ్రాములు రాగి, వెండి వంటివే ఉంటాయి. అంటే నిజాయితీగా చేసిన 22 క్యారెట్ల నగలో కూడా రాగి ఉండి తీరుతుంది. అది ఉన్నంత మాత్రాన ఎవరో మోసం చేశారని అనుకోకూడదు.

చెమటలో ఉప్పు, లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. రాగి వీటితో చర్య జరిపి ఆకుపచ్చని లవణాలుగా మారుతుంది. వెండి గంధకం ఉన్న పదార్థాలతో కలిసి నల్లని వెండి సల్ఫైడు అవుతుంది. కానీ 22 క్యారెట్ల నగలో బంగారం పాలు చాలా ఎక్కువ కనుక ఈ చర్య నెమ్మదిగా, స్వల్పంగానే జరుగుతుంది. మీరు చెప్పినట్లు మసి అంటినంత నలుపు కొద్ది కాలంలోనే కనిపిస్తే నా అనుమానం ముందుగా వేరే దిశకు వెళ్తుంది.

మీ అమ్మాయి వేసవిలో మెడకు చెమటకాయల పౌడరు గాని, ఎండ తగలకుండా పూసుకునే సన్‌స్క్రీన్ గాని, కాలమైన్ లోషన్ గాని వాడుతోందా? కాలమైన్ లోషన్‌లో జింక్ ఆక్సైడు ఉంటుంది. చెమటకాయల పౌడర్లలోనూ, సన్‌స్క్రీన్లలోనూ చాలావాటిలో జింక్ ఆక్సైడో, టైటానియం డయాక్సైడో ఉంటాయి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో బంగారం స్థానం 2.5 నుంచి 3 మధ్య ఉంటుంది. జింక్ ఆక్సైడు 4 దాటుతుంది, టైటానియం డయాక్సైడు 5.5 పైనే ఉంటుంది. అంటే మనకు మెత్తగా తోచే ఆ పొడిలోని సూక్ష్మమైన రేణువులు బంగారం కంటే గట్టివి. గొలుసు మెడ మీద కదులుతున్నప్పుడు అవి ఆకురాయిలాగా పనిచేసి నగ ఉపరితలాన్ని కంటికి కనిపించనంత కొద్దిగా గీకుతాయి. అలా రాలిన లోహపు ధూళి చర్మం మీద నల్లగా కనిపిస్తుంది. పసుపుపచ్చని లోహం నల్లగా ఎలా కనిపిస్తుందని సందేహం రావచ్చు. లోహానికి మెరుపు నున్నని తలం వల్ల వస్తుంది, అదే లోహం అతి సన్నని పొడిగా మారితే దాని మీద పడిన కాంతి తిరిగి రాకుండా రేణువుల మధ్యనే చిక్కుకుపోతుంది. చర్మవైద్యులు ఈ గీతలను బ్లాక్ డెర్మోగ్రాఫిజం అంటారు. ఇందులో చర్మానికి ఏ జబ్బూ లేదు, బంగారంలో ఏ కల్తీ లేదు.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముంజేతిని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, దాని మీద ఉంగరాన్ని కొంచెం ఒత్తి గీయమనండి. తరువాత అదే చేతికి తను వాడే పౌడరునో, సన్‌స్క్రీన్‌నో రాసి, ఆరిన తరువాత మళ్లీ గీయమనండి. మొదటిసారి ఏమీ కనిపించక, రెండవసారి నల్లటి గీత పడితే కారణం దొరికినట్లే. మెడ మీద నలుపును కూడా తడిపిన తెల్లటి నూలు గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు నలుపు అంటి చర్మం మామూలు రంగుకు వస్తే అది పైన అంటిన లోహపు ధూళి. తుడిచినా పోకపోతే అది చర్మంలోనే వచ్చిన మార్పు, దాని గురించి వైద్యులే చెప్పాలి.

సమాధానం (ప్రొద్దుటూరు నుంచి, తండ్రి తాతల నాటి నుంచి బంగారం పని చేస్తున్న కుటుంబం)

మాస్టారు చెప్పినది మా అనుభవంతో సరిపోతుంది. కొత్త నగ విషయంలో మరొక కారణం కూడా ఉంది. నగ పూర్తయిన తరువాత మెరుగు పెట్టడానికి వాడే ముద్ద కొంత లింకుల సందుల్లో, నగిషీ లోతుల్లో ఉండిపోతుంది. సరిగా కడగకుండా ఇస్తే చెమటకు అది కరిగి చర్మానికి నల్లగా అంటుతుంది. వంకీ ఉంగరానికి లోపలి వైపు సందులు ఎక్కువ కనుక అక్కడ ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. గోరువెచ్చని నీటిలో కొద్దిగా కుంకుడు రసం గాని, గాఢత లేని సబ్బు నీరు గాని కలిపి, నగను కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో సందులు రుద్ది, మంచి నీటితో కడిగి, పొడి గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వండి. ముత్యాలు, లక్క నింపిన నగలు, అతికించిన రాళ్లు ఉన్నవాటిని మాత్రం ఇలా నానబెట్టకూడదు. లక్క వేడికి మెత్తబడుతుంది, ముత్యం పైపొర పాడవుతుంది.

టూత్‌పేస్టుతో రుద్దితే బంగారం తళతళలాడుతుందని చాలామంది చెబుతారు. దయచేసి ఆ పని చేయవద్దు. పళ్ల మీది గారను తీయడానికి వేసిన గరుకు పొడి అందులో ఉంటుంది, అది బంగారాన్ని కూడా తీసేస్తుంది. ఉంగరంతోనే గిన్నెలు తోమే వారి వేలు నల్లబడటానికి కూడా తోముడు పొడిలోని గరుకుదనమే కారణం. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీటిలో చేయి పెట్టేటప్పుడు, ఈతకొలనులో దిగేటప్పుడు నగ తీసివేయాలి. క్లోరిన్ నగలోని ఇతర లోహాలను తినివేసి మాట్ల (అతుకుల) దగ్గర బలహీనపరుస్తుంది.

మాటు గురించి కూడా చెప్పాలి. లింకులను, కొక్కేన్ని అతికే చోట వాడే మాటులోహం నగ కంటే తక్కువ వేడికి కరగాలి కనుక దాని పాళ్లు వేరుగా ఉంటాయి. అందువల్ల ఒకే గొలుసులో కొక్కెం దగ్గర మాత్రమే రంగు మారడం, ఆ చోట మెడ వెనుక మచ్చ పడటం మేము చూస్తుంటాము. గతంలో కాడ్మియం కలిపిన మాటును విరివిగా వాడేవారు, కె.డి.ఎం. నగలన్న పేరు దాని నుంచే వచ్చింది. కాడ్మియం కరిగేటప్పుడు వచ్చే ఆవిరి పనివాడి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఇప్పటికీ ఎవరైనా కె.డి.ఎం. అని గొప్పగా చెప్పి అమ్మితే, అది స్వచ్ఛతకు హామీ కాదని గుర్తుంచుకోండి.

ఇక మోసం జరిగిందా అన్న మీ అనుమానానికి గట్టి జవాబు దొరికే మార్గం ఉంది. నగ మీద స్వచ్ఛత ముద్ర తప్పనిసరి అన్న హాల్‌మార్క్ నిబంధన 2021 జూన్ 16 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చింది. 2023 ఏప్రిల్ 1 తరువాత అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ సంఖ్య (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కాబట్టి 916 అన్న అంకె ఒక్కటి చూసి తృప్తి పడకండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణపు గుర్తు, 22కె916 అన్న స్వచ్ఛత గుర్తు, హెచ్‌యూఐడీ సంఖ్య, ఈ మూడూ ఉండాలి. భూతద్దంతో ఆ సంఖ్యను చదివి, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి చూస్తే ఆ నగ ఏ రకానిదో, ఎంత స్వచ్ఛతతో, ఏ కేంద్రంలో పరీక్షించబడిందో కనిపిస్తుంది. యాప్‌లో గొలుసు అని ఉండి మీ చేతిలో ఉన్నది ఉంగరమైతే అప్పుడు అనుమానించాలి. అప్పటికీ మనసు కుదుటపడకపోతే బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రానికి నగను తీసుకువెళ్లి, రుసుము చెల్లించి పరీక్ష చేయించుకోవచ్చు. ముద్రలో ఉన్నదాని కంటే స్వచ్ఛత తక్కువని తేలితే, తగ్గిన బంగారం విలువకు రెండింతలు, దానితో పాటు పరీక్ష రుసుము కొనుగోలుదారుకు చెల్లించాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. గీటురాయి మీద గీసి చూసే అనుభవజ్ఞులు మాలో ఇప్పటికీ ఉన్నారు, కానీ బంధువుల మధ్య మాట వచ్చినప్పుడు కాగితం మీది ఫలితమే అందరి నోళ్లనూ మూయిస్తుంది.

మెడ నల్లబడుతోందని పదే పదే మెరుగు పెట్టించడం మాత్రం సరికాదు. ప్రతిసారీ కొంత బంగారం పోతుంది. తప్పనిసరిగా చేయించవలసి వస్తే మీ ఎదుటే తూకం వేయించి, పని పూర్తయ్యాక మళ్లీ తూకం వేయించండి. నిజాయితీ గల పనివాడు దానికి బాధపడడు.

తిరిగి ప్రశ్న అడిగినవారు (ఏలూరు)

మాస్టారికీ, ప్రొద్దుటూరు వారికీ మా కుటుంబమంతా కృతజ్ఞతలు చెబుతోంది. అమ్మాయి సన్‌స్క్రీన్ వాడుతోంది, డబ్బా మీద జింక్ ఆక్సైడు అనే రాసి ఉంది. ముంజేతి మీద మీరు చెప్పినట్లే గీసి చూస్తే, సన్‌స్క్రీన్ రాసిన చోట మాత్రమే నల్లటి గీత పడింది. హెచ్‌యూఐడీ సంఖ్యలు కూడా యాప్‌లో సరిగానే వచ్చాయి. ఆ తెరను అల్లుడుగారే ఫొటో తీసి ఇంట్లో అందరికీ చూపించారట.

అయితే ఒక విషయం మిగిలింది. వేలి మీద నలుపు, గొంతు దగ్గర గీత తడిగుడ్డతో పూర్తిగా పోయాయి. మెడ వెనుక వైపు నలుపు మాత్రం పోలేదు. అక్కడ చర్మం కొంచెం మందంగా, ముడతలు పడినట్లు ఉందని అంటోంది. దురద లేదు. ఈ మధ్య తను బరువు కూడా పెరిగింది.

సమాధానం (విశాఖపట్నం నుంచి, చర్మవ్యాధుల వైద్యురాలు)

మీరు రాసిన చివరి నాలుగు వాక్యాలు చాలా ముఖ్యమైనవి. చూడకుండా నేను రోగనిర్ధారణ చేయలేను, చేయకూడదు కూడా. అయినా ఆ వివరాలను బట్టి అమ్మాయిని త్వరలో వైద్యునికి చూపించమని గట్టిగా చెబుతున్నాను.

మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, మందంగా, తాకితే ముఖమల్‌లాగా మారడాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరిగి, చర్మ కణాలు అధికంగా వృద్ధి చెందేలా చేస్తుంది. బరువు పెరిగిన వారిలోను, మధుమేహం రాబోతున్న వారిలోను, అండాశయాలలో నీటితిత్తులు ఏర్పడే పీసీఓఎస్ ఉన్న యువతులలోను ఇది తరచుగా కనిపిస్తుంది. గొలుసు కూడా అదే చోట ఉంటుంది కనుక నింద గొలుసు మీద పడుతుంది. మెడను పీచుతో, నిమ్మచెక్కతో, సున్నిపిండితో తోమి తోమి పుండ్లు చేసుకుని వచ్చినవారిని నేను చూస్తూనే ఉన్నాను. ఇది మురికి కాదు, తోమితే పోదు. రక్తంలో చక్కెర, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి, నెలసరి క్రమంగా వస్తోందో లేదో కూడా వైద్యునికి చెప్పండి. కారణాన్ని సరిదిద్ది బరువు తగ్గితే చర్మం రంగు కూడా క్రమంగా తేటపడుతుంది. ఈ నలుపును చూసి ముందే మేల్కొనడం వల్ల మధుమేహాన్ని ఆలస్యం చేసుకున్న వారు, కొందరు పూర్తిగా తప్పించుకున్న వారు ఉన్నారు. అందుచేత దీనిని సిగ్గుపడవలసిన విషయంగా చూడవద్దని అమ్మాయికి చెప్పండి.

దురద, ఎరుపు, చిన్న పొక్కులు, నీరు కారడం ఉంటే అది వేరే సమస్య. లోహం వల్ల వచ్చే అలర్జీలలో నికెల్‌దే ప్రథమ స్థానం. తెల్ల బంగారంలోను, గిల్టు నగలలోను, చెవిదిద్దుల శీలలలోను, జీన్స్ గుండీలలోను నికెల్ ఉండవచ్చు. ఈ అలర్జీ తగిలిన వెంటనే రాదు, సాధారణంగా ఒకటి రెండు రోజుల తరువాత పైకి వస్తుంది కనుక కారణం పోల్చుకోవడం కష్టమవుతుంది. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తరువాత చూసే ప్యాచ్ పరీక్షతో దీనిని నిర్ధారిస్తాము. బంగారానికే అలర్జీ ఉండటం కూడా సాధ్యమే, అయితే నిత్యం చూసే కేసులలో నికెల్‌తో పోలిస్తే అది చాలా తక్కువ. దానికి లక్షణం దురదతో కూడిన దద్దురు, నల్లటి మసి కాదు. కాబట్టి "బంగారం పడదు" అన్న మాట మీ అమ్మాయికి వర్తించేలా లేదు.

మనవైపు మరొకటి గమనించాలి. పుస్తెలకు రోజూ పెట్టే పసుపు, కుంకుమ కూడా కొందరి చర్మానికి సరిపడవు. తక్కువ ధర కుంకుమలో కృత్రిమ రంగులు ఉంటే మంట, దురద వచ్చి, అవి తగ్గిన చోట నెలల తరబడి నల్లమచ్చ మిగిలిపోతుంది. దానికి కూడా నగనే నిందిస్తారు.

రెండు హెచ్చరికలు చేయకుండా ఉండలేను. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములను మెడకు రాయవద్దు. వాటిలో చాలావాటిలో గాఢమైన స్టెరాయిడ్లు ఉంటాయి, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు పైకి తేలతాయి. కొన్ని అక్రమ క్రీములలో పాదరసం కూడా ఉంటుంది. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, బంగారానికి తగిలితే దానితో కలిసి తెల్లగా మార్చేస్తుంది. క్రీము వాడుతుండగా గొలుసు మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే ఆ క్రీమును వెంటనే ఆపి, వైద్యునికి చూపించాలి.

సన్‌స్క్రీన్ మానవలసిన పని లేదు. దానిని రాసుకుని పూర్తిగా ఆరిన తరువాత నగ వేసుకోవడం, గొలుసు కదిలే చోట తక్కువగా రాసుకోవడం, రాత్రి మెడను కడిగి తుడుచుకోవడం చాలు.

సమాధానం (అమెరికాలోని డాలస్ నుంచి)

ఇక్కడి దుకాణాలలో ఎక్కువగా 14 క్యారెట్ల నగలే దొరుకుతాయి. నేను కొన్న 14 క్యారెట్ల ఉంగరం కింద వేలు నల్లబడదు, లేత ఆకుపచ్చగా మారుతుంది. ఇది కూడా పౌడర్ వల్లేనా?

సమాధానం (హనుమకొండ)

కాదండీ, పచ్చదనం రాగికి గుర్తు. 14 క్యారెట్లలో బంగారం 58.5 శాతమే, మిగిలిన 41.5 శాతంలో సాధారణంగా రాగి, వెండి, జింకు ఉంటాయి కనుక ఇక్కడ చెమట నిజంగానే రాగితో చర్య జరుపుతుంది. ఉంగరం కింద సబ్బు నీరు నిలవకుండా చూసుకోండి, చేతులు కడిగిన తరువాత ఉంగరం తీసి వేలు తుడుచుకోండి. లోపలి వైపు రంగులేని గోళ్ల రంగు పలచగా పూస్తే కొంతకాలం ఆపుతుంది, అరిగినప్పుడు మళ్లీ పూయాలి. పచ్చరంగు సబ్బుతో పోతుంది, దాని వల్ల హాని లేదు. మచిలీపట్నం పక్కన చిలకలపూడిలో చేసే గిల్టు నగలను కూడా ఇలాగే చూసుకోవాలి. రాగి, ఇత్తడి వంటి లోహాల మీద పలచని బంగారు పూత ఉంటుంది కాబట్టి చెమట తుడిచి, గాలి తగలని సంచిలో పెడితే ఎక్కువ కాలం నిలుస్తాయి.

తిరిగి ప్రశ్న అడిగినవారు (ఏలూరు)

డాక్టరుగారూ, మీ మాట ప్రకారం ఎల్లుండికి వైద్యుని దగ్గర సమయం తీసుకున్నాము. అల్లుడుగారు కూడా వెంట వస్తామన్నారు. చివరిగా ఒక చిన్న సందేహం. మెడ మీది నలుపు తగ్గేవరకు బరువైన గొలుసులు తీసివేయడానికి అమ్మాయికి అభ్యంతరం లేదు. కానీ పుస్తెలు కూడా బంగారు తాడుకే ఉన్నాయి. వాటిని తీయడానికి తనకూ, మాకూ మనసు ఒప్పడం లేదు.

సమాధానం (విశాఖపట్నం)

తీయవలసిన అవసరం లేదమ్మా. అకాంథోసిస్ గొలుసు వల్ల రాదు, గొలుసు తీసినంత మాత్రాన పోదు. రాపిడి తగ్గితే చర్మానికి హాయిగా ఉంటుంది కనుక మెడలో నగల బరువు తగ్గించుకోవడం మంచిదే. తాడు మరమ్మతుకు ఇచ్చినప్పుడు పుస్తెలను పసుపుతాడుకు గుచ్చి వేసుకోవడం మన ఇళ్లలో ఉన్న పద్ధతే కదా, ఇప్పుడు కూడా అలాగే చేయవచ్చు. అయితే నూలు తాడు స్నానం తరువాత చాలాసేపు తడిగా ఉండి మెడను ఒరిపిస్తుంది. స్నానం కాగానే పొడి తువ్వాలుతో తాడును ఒత్తి ఆరనివ్వమనండి, పాతబడగానే మార్చమనండి, తాడుకు రంగు వేసినది కాకుండా ఇంట్లో మంచి పసుపు రాసినదే వాడమనండి. పసుపు రాసిన చోట దురద మొదలైతే మాత్రం మళ్లీ బంగారు తాడుకే మారి, ఎల్లుండి ఆ విషయం కూడా వైద్యునికి చెప్పండి.